ఓడలో కొన్నాళ్లు, రైలులో కొన్నాళ్లు

మన శ్రీనివాసపురానికి ఏ దిక్కున చూసినా సముద్రం దూరమే. తూర్పున మద్రాసు, పడమట మంగుళూరు. ఎటు పోవాలన్నా ఘాట్లు దిగవలసిందే. నదులూ అంతే. పాలారు, పెన్న రెండూ నందికొండల్లో పుట్టి, మన కళ్లముందే మనలను పలకరించకుండా ఒకటి తమిళదేశానికి, ఒకటి ఆంధ్రదేశానికి వెళ్లిపోతాయి. వెయ్యి అడుగులు దాటి తొలిచినా తడి తగలని బోర్లు మన తోటల్లో ఎన్ని ఉన్నాయో పాఠకులకు చెప్పనక్కరలేదు. అటువంటి ఊళ్లో కూర్చొని మేము మధ్యధరా సముద్రంలో ఏడు రాత్రుల నౌకాయానానికి, దానితో కలిపి ఇటలీదేశంలో రైలు ప్రయాణానికి ఏర్పాట్లు చేసుకొంటున్నాము. విన్నవారు ముందు నవ్వుతారు. నవ్విన తరువాత అందరూ అడిగే ప్రశ్నలు మూడే: ఎట్లా పోతారు? ఎంతవుతుంది? ఈ వయసులో పెద్దవాళ్లను వెంటబెట్టుకొని ఎందుకు? సంఘ సమావేశంలో ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్న, అందరికీ ఒకేసారి వ్రాయడం మంచిదని తోచింది.

మేము నలుగురం. మా నాయన, అమ్మ, మేమిద్దరం. నాయనకు 74 ఏండ్లు. కోలారు బంగారు గనుల్లో భూమి లోపల ఇరవై ఎనిమిదేండ్లు పనిచేసి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డ నాటితో ఆ పని చాలించారు. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. చదునుగా ఉన్న చోట మెల్లగా నడవగలరు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. క్రిందటేడు మామిడి కాపు కోతకొచ్చిన రోజుల్లో, దూరదర్శనంలో ఏదో నౌకను చూపిస్తూ ఉంటే, 'నీళ్లమీద అట్లా కూర్చోని పోతే బాగుంటుంది గదా' అన్నారు. ఆ ఒక్క మాటే ఈ వ్యవహారానికంతటికీ మూలం.

ఓడనూ రైలునూ కలపడం కొత్త సంగతి కాదు. మన పెద్దలకు బోట్ మెయిల్ జ్ఞాపకం ఉంటుంది. 1914లో పాంబన్ వంతెన తెరిచిన తరువాత, మద్రాసు ఎగ్మూరులో ఒక్క టిక్కెట్టు కొంటే ధనుష్కోటి దాకా రైలు, అక్కడినుండి తలైమన్నారుకు ఓడ, మళ్లీ కొలంబో దాకా రైలు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి కొట్టుకుపోయింది. ఆ మార్గమూ దానితోనే పోయింది. ఐరోపాకు పోయేవారి దారీ అటువంటిదే. గాంధీమహాత్ముడు 1931 ఆగస్టు 29న బొంబాయిలో రాజపుతానా అనే ఓడ ఎక్కి మార్సేల్సులో దిగి, అక్కడినుండి రైలులో లండను వైపు వెళ్లారు. తిరుగు ప్రయాణంలో రైలులో ఇటలీ దక్షిణాన ఉన్న బ్రిందిసి దాకా వచ్చి, డిసెంబరు 14న పిల్స్నా అనే ఓడ ఎక్కారు. సూయజు కాలువ 1869లో తెరుచుకొన్న తరువాత ఇంగ్లండునుండి మన దేశానికి వచ్చే తపాలా చాలాకాలం ఆ బ్రిందిసి మీదుగానే, రైలునుండి ఓడకు మారి వచ్చేది. 1950, 60లలో కూడా ఇటలీవారి విక్టోరియా, ఆసియా అనే తెల్లని ఓడలు బొంబాయినుండి బయలుదేరి మధ్యధరా రేవులకు చేరేవి.

మన జిల్లాకు ఆ సముద్రంతో చుట్టరికం లేదనుకోవడానికీ వీలులేదు. కోలారు గనులు బాగా నడిచిన రోజుల్లో ఇంగ్లండులోని కార్న్‌వాలువారితోపాటు ఇటలీవారూ లోపల పనిచేశారు. ముద్దేనహళ్లిలో పుట్టిన మన విశ్వేశ్వరయ్యగారు, మూలం వెతికితే మోక్షగుండం నుండి వచ్చిన తెలుగు ఇంటివారు, 1906లో ఏడెనుకు పోయి ఆ ఎండిన రేవుకు మంచినీళ్ల పథకం వేసి వచ్చారు. ఆ ఏడెను బొంబాయినుండి సూయజుకు పోయే ఓడలన్నీ ఆగే చోటు. ఇంకా వెనక్కు పోతే, యశ్వంతపురంలో రోమను చక్రవర్తుల వెండి నాణేలు దొరికాయి. వెసూవియసు అగ్నిపర్వతం క్రీ.శ. 79లో కప్పేసిన పాంపేయి నగరంలో, 1938లో తవ్వకాలు చేస్తుంటే, మన దేశపు దంతపు స్త్రీమూర్తి ఒకటి బయటపడింది. అది నేపుల్సు నగరపు మ్యూజియంలో ఉంది. అమ్మ ఆ సంగతి విన్నప్పటినుండి, 'ఆ యమ్మ రెండువేల ఏండ్లుగా అక్కడుంటే మనం పోయి పదైదు దినాలు ఉండలేమా' అంటున్నది.

అయితే ఇప్పుడు మన దేశంనుండి ఐరోపాకు ప్రయాణికుల ఓడలు క్రమంగా నడవడం లేదు. పోక రాక రెండూ విమానంలో తప్పవు. మాకు మొదటి చిక్కు ఇక్కడే. ఆకాశంలో విమానం లోపలి గాలి ఎనిమిదివేల అడుగుల కొండమీద ఉండేటంత పలుచగా ఉండవచ్చునట. అంటే ఊటీకన్న కొంచెం ఎత్తు. కోలారు జిల్లా ఎత్తుకు అలవాటుపడ్డ ఊపిరికి అది పెద్ద విషయం కాదని మేమనుకొన్నా, డాక్టరుగారు అట్లా అనుకోలేదు. ఆరు నిమిషాలు నడిపించి, వ్రేలికి యంత్రం తగిలించి రక్తంలోని ప్రాణవాయువు చూశారు. 'పోవచ్చు. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ తీసుకోవాలి. మందు సంచిలో కాదు, జేబులో ఉండాలి. బయలుదేరేందుకు నెలలోపల మళ్లీ వచ్చి పరీక్ష చేయించుకోవాలి. అప్పుడు వద్దంటే వద్దు' అన్నారు. ఆ చివరి మాటను బట్టే మా ఏర్పాట్లన్నీ నడుస్తున్నాయి.

ఇక పెద్దవాళ్లకు ఓడ ఎందుకు మంచిది? మామూలు యాత్రలో రెండు రోజులకొక హోటలు, ప్రతిసారి మూటలు కట్టడం, విప్పడం. ఓడలో అయితే గది మనతోనే వస్తుంది. రాత్రి పడుకొంటే తెల్లవారేసరికి వేరే ఊరు. నాయనకు ఓపికుంటే దిగుతారు, లేకుంటే పై అంతస్తులో కుర్చీ వేసుకొని రేవు చూస్తూ కూర్చుంటారు. డాక్టరు ఓడలోనే ఉంటాడు, కాకపోతే సొమ్ము గట్టిగా తీసుకొంటాడు. అందుచేత భీమాలో సముద్రయానం కూడా చేర్చాలి. మధ్యధరా సముద్రం మూడువైపుల ఖండాలమధ్య ఇరుక్కొన్న నీరు. పొడవు సుమారు 3,700 కిలోమీటర్లు. పడమట జిబ్రాల్టరు వద్ద తెరిచిన వాకిలి 14 కిలోమీటర్లే. ఆటుపోట్లు బహుస్వల్పం. ఎండకు ఆవిరైపోయే నీరు నదులు తెచ్చే నీటికన్న ఎక్కువట. ఆ లోటును అట్లాంటిక్ సముద్రం పూరిస్తుంది. 2018 నుండి బెంగుళూరు శుద్ధిచేసిన నీళ్లు పంపి మన చెరువులు నింపినట్లే అనుకొంటే సరి. నాయన మటుకు ఒకే ఒక ప్రశ్న వేశారు: లోతెంత? సగటున 1,500 మీటర్లు అని చెప్పాము. 'అంతేనా! మా ఛాంపియన్ రీఫు అంతకు రెండింతలు' అన్నారు. నిజమే. ఆ గని మూడు కిలోమీటర్లు దాటిన లోతు.

గదుల బేరం దగ్గర అసలు సంగతి వచ్చింది. ఓడలో గదులు ముఖ్యంగా మూడు విధాలు. కిటికీ లేని లోపలి గది చౌక. కిటికీ గది దానికన్న ఎక్కువ. బయట కూర్చోను బాల్కనీ ఉన్నది ఇంకా ఎక్కువ. ధర గదికి కాదు, మనిషికి. అదీ ఇద్దరుంటారన్న లెక్కమీద. ఒక్కరే పోతే రెండోవారి సొమ్ములో చాలా భాగం కట్టవలసి వస్తుంది. గుమాస్తా బుద్ధి గనుక మేము రెండూ లోపలి గదులే వ్రాసి, కాగితం నాయన ముందు పెట్టాము. చదివించుకొని, కొంచెంసేపు ఊరకుండి, 'ఇరవై ఎనిమిదేండ్లు కిటికీ లేని తావున పనిచేస్తిని గదప్పా. ఇప్పుడు దుడ్డిచ్చి మళ్లా కిటికీ లేని రూములో పండుకోవల్నా?' అన్నారు. దానికి జవాబు లేదు. పెద్దవాళ్లకు బాల్కనీ గది, మాకు లోపలి గది అని ఆ పూటే దిద్దాము. ఆ తేడాకోసం గ్రీసుదేశం వదులుకొన్నాము. ఇటలీలోని బారి రేవునుండి పాత్రాసుకు రాత్రి ఓడలో పోయి ఏథెన్సు చూడాలని మొదట ఉండేది. పాత్రాసులో దిగినాక రైలు దొరికేదాకా కొంత దూరం బస్సు కూడా తప్పదని తెలిసినాక ఆ విచారమూ తగ్గింది.

ఎప్పుడు పోవాలన్నది మామిడిచెట్లు తేల్చాయి. మే నుండి జూలై దాకా మన ఊరు వదలడానికి లేదు. జూలై, ఆగస్టులలో అక్కడ ఎండా, జనమూ ఎక్కువ. ఆ తరువాత మహాలయ పక్షం. నాయన ఇంట్లో ఉండాలి. పూత సమయంలో తోట గుత్తకిస్తే ఆ తరువాత కాయ కోసేదాకా కాపలా గుత్తదారుదే. మార్చి 31తో ఆఫీసు లెక్కలు ముగుస్తాయి, సెలవు అడగడానికి నోరు వస్తుంది. కాబట్టి ఉగాది, శ్రీరామనవమి ఇంట్లో జరుపుకొని, ఏప్రిల్‌లో బయలుదేరడం. అక్కడ అది వసంతం. ఓడల ధరలు వేసవికన్న తక్కువ. ఒకటే జాగ్రత్త: ఈస్టరు పండుగ వారంలో రోములో కాలు పెట్టకూడదు, గదులు దొరకవు.

దారి ఇట్లా వేసుకొన్నాము. రోములో దిగి రెండు రాత్రులు. అక్కడినుండి నేపుల్సుకు వేగం రైలు. గంటా పది నిమిషాల ప్రయాణం. నేపుల్సులో రెండు రాత్రులు, మ్యూజియం, పాంపేయి. తరువాత సిసిలీ ద్వీపంలోని మెస్సీనాకు రైలు. ఈ రైలుకోసమే మేము అంత దక్షిణానికి పోతున్నాము. మెస్సీనా జలసంధి ఒడ్డున రైలును ముక్కలుగా విడదీసి, ఓడ కడుపులో వేసిన పట్టాలమీదికి తోసి, ఓడతో సహా దాటించి, ఆవలి ఒడ్డున మళ్లీ కలుపుతారు. ఓడా రైలూ ఒకదానిలో ఒకటి! దాటడం అరగంట లోపే. కలపడం విడదీయడం ఎక్కువసేపు. ప్రయాణికులు పెట్టెలో కూర్చోవచ్చు, మెట్లెక్కి పైకి పోయి సముద్రం చూడవచ్చు. నాయనకు మెట్లు కష్టం. పెట్టెలోనే ఉంటే ఓడ అడుగున చీకటి. 'అదీ గనే' అన్నారు నవ్వుతూ. కనుక రైలు ఓడలోకి ఎక్కగానే లేచి, రెండేసి మెట్లకు ఆగుతూ పైకి పోవాలని, సామాను కాపలాకు మాలో ఒకరం క్రింద ఉండాలని నిశ్చయించాము. మెస్సీనాలో రెండు రాత్రులుండి, తిరిగి రోముకు రాత్రి రైలు. అందులో నాలుగు బెర్తుల గది ఉంటుంది, మేమూ నలుగురమే. మరునాడు చివితావెక్కియా రేవు చేరి ఆ రాత్రి అక్కడే విశ్రాంతి. మర్నాడు ఓడ.

ఆ ఒక్క రాత్రి దండుగని బంధువులొకరు అన్నారు. దండుగ కాదు. ఇటలీలో రైలు సమ్మెలు తరచు. ముందుగా ప్రకటిస్తారు, పనిదినాల్లో పొద్దున 6 నుండి 9 వరకు, సాయంత్రం 6 నుండి 9 వరకు కొన్ని బండ్లు తప్పక నడుపుతారు. అయినా ఓడ మనకోసం ఆగదు. ఓడ ఎక్కే రోజు ఉదయమే ఆ ఊరు చేరుదామనుకోవడం ముహూర్తానికి పెండ్లికొడుకు బయలుదేరినట్లే. ఓడ ఎక్కినాక కూడా ప్రతి రేవులో ఇదే నియమం. బయలుదేరే గడియకు అరగంటో గంటో ముందే అందరూ లోపల ఉండాలి. సొంతంగా ఊరు చూడబోయి ఆలస్యమైతే తరువాతి రేవుకు మన ఖర్చుమీద మనం పోయి అందుకోవలసిందే.

ఓడ చుట్టు పశ్చిమ మధ్యధరాలో చాలా నౌకలు తిరిగే చుట్టే: చివితావెక్కియా, జెనోవా, మార్సేల్సు, బార్సిలోనా, ఇంకా ఒకటి రెండు ద్వీపాలు, మళ్లీ చివితావెక్కియా. కాగితంమీద వ్రాసిన ఊళ్ల పేర్లు చూసి మోసపోకూడదు. 'రోము' అంటే సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని చివితావెక్కియా. 'ఫ్లారెన్సు' అంటే లివోర్నో రేవు, అక్కడినుండి గంటకు పైగా రైలు. జెనోవాలో మాత్రం రేవుకూ రైలు స్టేషనుకూ నడిచిపోయేటంత దూరం. బార్సిలోనాలో ఊరు రేవుకు దగ్గరే. మార్సేల్సులో ఓడలు ఊరికి దూరంగా ఆగుతాయి. కొన్ని ఓడలు ట్యూనిసుకు కూడా పోతాయి. అటువంటిది ఎంచుకొంటే ఒకసారి షెంగెన్ దేశాలు దాటి మళ్లీ ప్రవేశించినట్లు లెక్క. ఒక్క ప్రవేశానికి ఇచ్చే వీసా చాలదు. అందుచేత ఇటలీ, ఫ్రాన్సు, స్పెయిన్ దాటని ఓడనే ఎంచుకొన్నాము.

రైళ్ల సంగతి రెండు మాటలు. ఐరోపా దేశాలన్నిటా చెల్లే యూరేల్ పాసు మనవంటివారికి అమ్ముతారు. కాని ఇటలీ, ఫ్రాన్సు, స్పెయిన్ దేశాల వేగం రైళ్లలో పాసున్నా సీటుకు వేరే రుసుము కట్టాలి. మావంటి నాలుగైదు ప్రయాణాలకు విడిగా టిక్కెట్లు కొనడమే లాభం. వేగం రైలు టిక్కెట్టు ముందు కొంటే చౌక, రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. చిన్న దూరాలు పోయే రీజనల్ బండికి ఎప్పుడు కొన్నా ఒకటే ధర. కాని కాగితపు టిక్కెట్టయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారంమీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేకుంటే టిక్కెట్టు చేతిలో ఉన్నా జరిమానా. కూలీలు ఉండరు. నడవలేనివారికి ముందుగా చెబితే సాలా బ్లూ అనే విభాగంవారు చక్రాల కుర్చీ, ఎత్తే యంత్రం ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ఇది తెలిసిన రోజు మా ఇంట్లో పెద్ద బరువు దిగింది.

కాగితాల విషయంలో గుమాస్తాగిరి మాకు అక్కరకు వచ్చింది. నాయన పేరు నాలుగు కాగితాల్లో నాలుగు విధాలుగా ఉంది. ఇంటిపేరు ఒకదానిలో పొట్టి అక్షరం, ఒకదానిలో పూర్తి మాట, ఒకదానిలో అసలే లేదు. అమ్మకు జన్మపత్రం లేదు. వాటిని సరిచేసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఇట్లాంటి ప్రయాణం తలపెట్టేవారు మొదట చేయవలసిన పని ఇదే, టిక్కెట్లు కాదు. తరువాత షెంగెన్ వీసా. ఎక్కువ రాత్రులు ఉండే దేశం ఇటలీ గనుక ఇటలీకి దరఖాస్తు, బెంగుళూరులో. ప్రయాణానికి ఆరు నెలల ముందునుండి తీసుకొంటారు. కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు. తిరిగివచ్చే తేదీ తరువాత మూడు నెలలు చెల్లే పాసుపోర్టు, 30,000 యూరోల వైద్య భీమా, బ్యాంకు కాగితాలు, ఆదాయపు పన్ను పత్రాలు, ఆఫీసు సెలవు పత్రం ఉండాలి. 2025 అక్టోబరు 12 నుండి సరిహద్దులో వ్రేలిముద్రలు, ముఖచిత్రం తీసుకొనే కొత్త పద్ధతి మొదలుపెట్టారు. క్యూలో పెద్దవాళ్లకు కుర్చీ అడగడానికి మొహమాటపడకూడదు.

తిండి సంగతి అమ్మ చూసుకొంటున్నది. ఓడలో శాకాహారం ముందే చెప్పి వ్రాయించాము. ఐరోపాలోకి బయటిదేశాల పాల పదార్థాలు, మాంసం రానివ్వరు. కాబట్టి నెయ్యి, పాలకోవా వద్దు. చింతకాయ తొక్కు, కందిపొడి, అటుకులు పెట్టుకోవచ్చు; గదిలో ఉడికించే విద్యుత్ పొయ్యి, కుక్కరు ఓడవారు ఒప్పుకోరు. అన్నిటికన్న విచిత్రం పండ్ల సంగతి. 2019 డిసెంబరు 14 నుండి తాజా పండ్లేవైనా సరే మొక్కల ఆరోగ్యపత్రం లేకుండా తీసుకుపోకూడదు. ఆ నియమంనుండి మినహాయించినవి అయిదు: అనాస, కొబ్బరికాయ, డ్యురియన్, అరటి, ఖర్జూరం. మామిడికి మినహాయింపు లేదు! శ్రీనివాసపురంవాళ్లం టెంకాయా అరటిపండూ తీసుకొని పోవచ్చు, మామిడిపండు తీసుకొని పోరాదు. పూజకు మటుకు లోటు లేదు.

ఇక ఖర్చు. దాచవలసినది ఏమీ లేదు. నలుగురికి మేము వేసుకొన్న అంచనా ఇది: విమానం రూ. 2,20,000, వీసాలు, భీమా రూ. 60,000, ఓడలో రెండు గదులు, రేవు పన్నులు, సేవకుల రోజువారీ రుసుముతో సహా రూ. 3,20,000, రైళ్లు రూ. 30,000, ఎనిమిది రాత్రుల బస రూ. 96,000, తిండీ చిల్లర ఖర్చులూ రూ. 74,000. మొత్తం ఎనిమిది లక్షలు. గనులు మూసినప్పుడు నాయనకు వచ్చిన సొమ్ములో బ్యాంకులో మిగిలినది, మేము వేసిన చీటీ సొమ్ము కలిపితే అంతకు సరిగ్గా సరిపోతుంది. అంతకు మించి ఒక్క రూపాయి లేదు.

మా తమ్ముడు తోట చూసుకొంటాడు. అతనికి ఇది నచ్చలేదు. 'అన్నా, ఆ దుడ్డుతో ఇంకో రెండు బోర్లు వేయించొచ్చు గదా. నీళ్లు లేక చెట్లు ఎండిపోతే, నీళ్లు చూసేదానికి దేశాలు పోతారా?' అన్నాడు. మాట కటువే గాని అబద్ధం కాదు. క్రిందటి నాలుగేండ్లలో వేసిన మూడు బోర్లలో రెండు ఎండినవే. ఆ రాత్రి ఎవ్వరం సరిగా మాట్లాడుకోలేదు. మరునాడు నాయన అందరినీ కూర్చోబెట్టారు. 'భూమిలోకి తవ్వేది నాకు తెలిసినంత మీకు తెలీదప్పా. దొరికిన దినం దొరుకుతుంది, లేని దినం లేదు. ఈసారి గుత్త దుడ్డంతా నీకే, బోరు వేస్తావో, డ్రిప్పు వేస్తావో నీ యిష్టం. నా దుడ్డు మటుకు ఇంక తవ్వేదానికి ఇవ్వను' అన్నారు. తమ్ముడు కొంచెంసేపు తల వంచుకొని కూర్చొని, 'నాయనకు స్వెట్టరు నేను తీసుకొస్తా' అని లేచి వెళ్లాడు. ఆ స్వెట్టరు వచ్చింది; కొలత కొంచెం పెద్దది.

మిగిలినది డాక్టరుగారి రెండో పరీక్ష. దానికి తగ్గట్టే సొమ్ము కట్టే వరుస పెట్టుకొన్నాము. ఓడకు ముందు కొంత కట్టి, మిగిలినది రెండు మూడు నెలల ముందు చెల్లించాలి. ఆ తరువాత మానుకొంటే రోజు దగ్గరపడేకొద్దీ తిరిగి వచ్చేది తగ్గిపోతుంది. ఆరోగ్యకారణంగా మానుకొంటే సొమ్మిచ్చే భీమా వేరే ఉంది. కాని పాత జబ్బులు అందులో చేరతాయో లేదో చిన్న అక్షరాల్లో చదివి తెలుసుకోవాలి. అందుచేత జనవరిలో ఒక పరీక్ష, ప్రయాణానికి నెలలోపల ఒకటి. జనవరిలో వద్దంటే నష్టం కొంచెమే. మార్చిలో వద్దంటే నష్టం పెద్దది. అయినా భరిస్తామని నలుగురం ఒప్పుకొన్నాము. ఆయన రాకపోతే తాను రానని అమ్మ చెప్పేసింది. అప్పుడు మేమూ పోము. నాయన మాత్రం రోజూ సాయంత్రం స్టేషను దాకా నడిచి వస్తున్నారు. ఊపిరికి మంచిదని డాక్టరుగారు చెప్పారు. 2013లో పెద్ద పట్టాలు పడ్డ ఈ మార్గమే, చిక్కబళ్లాపురం దాటి పోయి, దేవనహళ్లి విమానాశ్రయం పక్కన ఆగుతుందని తెలిసి, 'అయితే మన ఊరి స్టేషనునుంచే బయలుదేరినట్లు' అని సంతోషించారు.

మన ఊరిని పూర్వం పాపనపల్లి అనేవారనీ, దివాను పూర్ణయ్యగారు తిరుపతి యాత్ర చేసి తిరిగివస్తూ కుమారుని పేరిట శ్రీనివాసపురమని పేరు పెట్టారనీ పెద్దలు చెబుతారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నంనుండి కాశీకి బయలుదేరి పదిహేను నెలలు తిరిగి, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో, ఎక్కడ బస దొరుకుతుందో తన వెనుక వచ్చేవారికోసం వ్రాసిపెట్టారు. మేము పోయేది పదిహేడు రోజులు. అంత గ్రంథం వ్రాయలేము గాని, పోయివస్తే రేవులలో మెట్లెన్ని, కుర్చీలు ఎక్కడ దొరుకుతాయి, మంచినీళ్లకు ఎంత ఇచ్చాము అన్న లెక్క మాత్రం ఈ పత్రికకే ఇస్తాము. పెద్దవాళ్లతో ఆ దారిన వెళ్లివచ్చిన సభ్యులు ఎవరైనా ఉంటే మార్చి లోపల మాకు చెప్పవలసిందిగా కోరుతున్నాము. ముఖ్యంగా మెస్సీనా ఓడలో క్రిందినుండి పైకి మెట్లు ఎన్ని అన్న సంగతి.